అమ్మకి కుడి పక్కన

బస్టాండు, విచారణ గది
మధ్యాహ్నం

పిన్నీ,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అమ్మ పోయినప్పుడు రాలేకపోయానని బాధపడుతూ నువ్వు రాసిన కార్డు అందింది. మెట్లు దిగలేని మనిషివి, రైలెక్కి ఎలా వస్తావు? ఆ మాట ఇక మనసులో పెట్టుకోకు. ఫోన్ చేద్దామంటే నీకు ఫోన్ గిట్టదాయె. సైన్యంలో అన్నేళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన మనిషి, ఇంట్లో ఫోన్ ఉంటే నేనుండనని మొండికేస్తే ఎవరేం చేస్తారు? అందుకే బస్సుకీ బస్సుకీ మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఓ ముక్క చొప్పున ఈ ఉత్తరం రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, అమ్మ లెక్కలు చెప్పిన బడిలో వచ్చే నెల సంస్మరణ సభ పెడుతున్నారు. హెడ్‌మాస్టరు ఇంటికి వచ్చారు. ఆయనా అమ్మ దగ్గర చదువుకున్నవాడే. "మేడమ్ పాఠాల గురించి మేం మాట్లాడతాం. సైన్యంలో ఆవిడ ఏం చేశారో మాకెవరికీ తెలీదు. అది మీరు చెప్పాలి" అన్నారు. నేను తమ్ముడి వంక చూశాను. వాడు అలవాటు ప్రకారం నోట్లో ఏదో గొణిగి నా వైపు వేలు చూపించాడు. ఆయన వెళ్ళాక నిలదీస్తే, "నీకు గొంతుందక్కా, నాకేముంది" అన్నాడు. అదీ నిజమే. పొద్దస్తమానం బస్సుల పేర్లు అరిచే గొంతు నాది. ఇంట్లో నా ముద్దుపేరు మైకు అని నీకు తెలియనిదా?

గొంతుంది సరే, చెప్పడానికి సరుకేది? సైన్యం గురించి అమ్మ మాకు చెప్పినవి రెండే ముక్కలు. అక్కడ టీ బాగుండదు, వాగుడుకాయ మాత్రం బంగారం. ఆ వాగుడుకాయవి నువ్వేనని పెద్దయ్యాక తెలిసింది. ఇంకేమైనా అడిగితే "వెళ్ళి లెక్కలు చేసుకో" అనేది.

నీకు గుర్తున్నవన్నీ రాసి పంపు. ముఖ్యంగా, అమ్మ సైన్యం ఎందుకు వదిలేసిందో రాయి. అది సభ కోసం కాదు, నా కోసం.

నీ మైకు


రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

మైకమ్మా,

నా మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాలా రోజులైంది. కింది వాటాలో ఉండే డ్రైవరు పెళ్ళాం నీ ఉత్తరం పైకి తెచ్చిచ్చింది. కళ్ళద్దాలు కనపడక ఇల్లంతా గాలించాం. చివరికి అవి నా నెత్తి మీదే ఉన్నాయి. ఆ పిల్ల నవ్విన నవ్వుకి కోపం రావలసింది, కానీ మీ అమ్మ కూడా అలాగే నవ్వేది కాబట్టి ఊరుకున్నాను.

సైన్యం అనగానే మీరంతా తుపాకులు ఊహించుకుంటారు. మా చేతుల్లో ఉన్నవి తీగలు. ఒక పొడుగాటి గది, గోడ వెంబడి స్విచ్‌బోర్డు, దాని ముందు వరసగా ఆడపిల్లలం. నెత్తి మీద హెడ్‌ఫోన్, ఎదురుగా వందల రంధ్రాలు. ఒక తీగ తీసి ఇంకో రంధ్రంలో గుచ్చితే అక్కడి మనిషీ ఇక్కడి మనిషీ కలుస్తారు. చెవుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవాళ్ళు కాబట్టి, మాలో మేం మాట్లాడుకోవాలంటే పెదాలు కదిపేవాళ్ళం, అంతే. చప్పుడు ఉండదు. వంటవాడి మీద ఎన్ని చాడీలు చెప్పుకున్నామో, పక్కన నిలబడ్డ వంటవాడికి కూడా తెలిసేది కాదు.

మా బోర్డుకి పెద్ద మీ అమ్మ. ఒకసారి ఒక కెప్టెను లైను బాగాలేదని మీ అమ్మ మీద కేకలేశాడు. ఈవిడ తాపీగా, "మీరు అరిస్తే లైను బాగుపడదు సార్. మెల్లగా చెప్పండి, నేను వింటాను" అంది. మాకందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మెల్లగా చెప్పాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఆవిడ బోర్డే కావాలనేవాడు.

పంతులమ్మ బుద్ధి ఆవిడకి అక్కడే ఉంది. నాకు భాగారాలు రావని తెలిసి, డ్యూటీ దిగాక కూర్చోబెట్టి నేర్పింది. మాకిచ్చే బిస్కెట్లు ముందు పోసి, ఇన్నింటిని ఇంతమందికి పంచు అనేది. శేషం మిగిలితే అది నాది. శేషం వచ్చే లెక్కలే ఇవ్వమని కాళ్ళావేళ్ళా పడేదాన్ని. "నువ్వు లెక్క కోసం కాదే, తిండి కోసం చదువుతున్నావు" అని తిట్టేది, తిడుతూనే అలాంటివే ఇచ్చేది.

ఇవన్నీ సభలో చెప్పు. బిస్కెట్ల సంగతిలో నా పేరు ఎత్తకు.

సైన్యం ఎందుకు వదిలిందో మాత్రం అడక్కు తల్లీ. ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంది. వాగుడుకాయని అయినా, ఆ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకుని ఇంతకాలం బతికాను.

నీ పిన్ని


ఇల్లు, వంటగది బల్ల

పిన్నీ,

నువ్వు రాసినవి చదివి తమ్ముడూ నేనూ పడీపడీ నవ్వాం. చివరి నాలుగు ముక్కలు మాత్రం వాడికి వినిపించలేదు.

నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో. ఎందుకు వదిలేసిందో నాకు తెలుసు. నువ్వు కాదంటావేమోనన్న ఆశతో అడిగాను. నువ్వు కాదనలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మా మేనత్త వచ్చి వారం ఉంది. నేను పక్క గదిలో ఉన్నానని చూసుకోకుండా పక్కింటావిడతో అంది, "యూనిఫారం వేసుకుని దర్జాగా తిరిగిన మనిషి. ఈ పిల్ల కడుపులో పడేసరికి అన్నీ వదులుకుని రావాల్సి వచ్చింది." అంతకుముందు దాకా నాకు అర్థంకాని సంగతులన్నీ ఆ ఒక్క మాటతో అర్థమైపోయాయి.

భోజనాల బల్ల దగ్గర అమ్మకి ఎడమ పక్క తమ్ముడు, కుడి పక్క నేను. వాడు నోరు తెరిచీ తెరవకముందే అమ్మ తల వాడి వైపు వంగేది. నేను గొంతు చించుకుంటే తప్ప నా వైపు తిరిగేది కాదు. తిరిగాక కూడా, తప్పు ఎక్కడ దొర్లుతుందా అన్నట్టు నా నోటి వంకే చూస్తూ కూర్చునేది. నేను అమ్మతో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. ప్రేమ లేదని అనను. నాకు జ్వరం వస్తే నా మంచం పక్క నుంచి లేచేది కాదు. నా బిడ్డని నాకంటే ఎక్కువ మోసింది. కానీ ఎక్కడో ఏదో ఒకటి తగ్గేది. అది ఏమిటో మేనత్త చెప్పింది.

ఆ మర్నాడే అనుకుంటాను, బడి నుంచి అమ్మా నేనూ నడిచి వస్తున్నాం. తమ్ముడు రాలేదు ఆ రోజు. దీపాలు పెట్టే వేళ. అమ్మ చేతిలో జవాబు కాగితాల సంచి. నేను తల దించుకుని, ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా అడిగాను. "అమ్మా, నన్ను కన్నందుకు నీకు బాధగా ఉందా?"

అమ్మ ఏమీ అనలేదు పిన్నీ. తల కూడా తిప్పలేదు. మందుల షాపు మలుపు దాటాక, "రాత్రికి రొట్టె ఉందా, కొనాలా?" అంది.

అంతే. అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. లేదని చెప్పలేక మాట మార్చింది. నేను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడిక అడగడానికి మనిషే లేదు.

ఇది గుండెల్లో పెట్టుకుని ఆ సభలో నిలబడి, నా వల్ల అమ్మ పోగొట్టుకున్నదాని గురించి నేనే గొప్పలు చెప్పమంటావా? నా వల్ల కాదు. రేపో ఎల్లుండో హెడ్‌మాస్టరుకి రానని చెప్పేస్తాను.

మైకు


రెండో అంతస్తు

మైకమ్మా,

మిగతావి తర్వాత. ఆ రోజు బడి నుంచి వస్తున్నప్పుడు నువ్వు మీ అమ్మకి ఏ పక్కన నడుస్తున్నావు? బాగా గుర్తు చేసుకుని వెంటనే రాయి. హెడ్‌మాస్టరుకి ఏమీ చెప్పకు.

డ్రైవరు పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఉంది, ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యడానికి. కూర్చోమన్నా కూర్చోవడం లేదు, నా మొహం అలా ఉందట.

పిన్ని


బస్టాండు, విచారణ గది

పిన్నీ,

అంత రాస్తే నువ్వు అడిగేది ఇదా?

కుడి పక్కన. ఎప్పుడూ కుడి పక్కనే. ఎడమ పక్క తమ్ముడిది. వాడు లేకపోయినా అలవాటు కొద్దీ ఆ రోజూ కుడి పక్కనే నడిచాను. అయితే ఏమిటి?

మైకు


రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

మైకమ్మా,

ఈ ఉత్తరం బస్టాండులో చదవకు. ఇంటికెళ్ళి, తలుపేసుకుని చదువు.

మీ అమ్మకి కుడి చెవి వినపడదు. నువ్వు పుట్టకముందు నుంచీ వినపడదు. కొంచెం కూడా వినపడదు. ఆ రోజు నువ్వు అడిగినది ఆవిడ చెవిలో పడనే లేదు తల్లీ. జవాబు చెప్పకపోవడం కాదు, ఆవిడ ప్రశ్నే వినలేదు.

నీ ఉత్తరంలో ఆ శంఖం సామెత చదివి చాలాసేపు ఏడ్చాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. పైన ఆవిడ తిడితే తిట్టనీ, నేనూ ఎన్నాళ్ళో ఉండను కదా, వెళ్ళి సర్దిచెప్పుకుంటాను.

మా టెలిఫోన్ గది మీద ఒక పగటిపూట గుండ్లు పడ్డాయి. అందరం నేలమాళిగలోకి పరుగెత్తాం. మీ అమ్మ లేవలేదు. నేను వెనక్కి వెళ్ళి భుజం పట్టి లాగాను. పెదాలు కదిపి చెప్పింది నాకు, "లైను మీద మనిషున్నాడే." గాయపడినవాళ్ళు ఎక్కడ పడి ఉన్నారో ఎవడో కుర్ర సైనికుడు అంబులెన్సు వాళ్ళకి దారి చెప్తున్నాడు. తీగ తీసేస్తే వాడి మాట తెగిపోతుంది. వాడికి కంగారు, చెప్పిందే చెప్తున్నాడు, ఈవిడ మధ్యమధ్యలో అందుకుని అవతలివాళ్ళకి సరిగ్గా చెప్తోంది. వాడు చెప్పడం అయింది. హెడ్‌ఫోన్ తీసింది. కుర్చీ వెనక్కి జరుపుతుంటే కుడి పక్క గోడ కూలింది. ఒంటి మీద గీతలు తప్ప ఏం కాలేదు. చెవి ఒక్కటే పోయింది.

ఒక చెవితో ఆపరేటరు ఎందుకని ఇంటికి పంపించారు. అది చలికాలం. మీ నాన్నని ఆవిడ మొదటిసారి చూసింది ఆ తర్వాతి వేసవిలో. ఆయన పనిచేసే ప్రెస్సు మోతలో ఇద్దరూ చెవిటివాళ్ళలా సైగలు చేసుకుంటే గానీ మాట కలవలేదట. నువ్వు పుట్టింది ఇంకో ఏడాదికి. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆవిడ నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్తోంది. మీ మేనత్త మీ అమ్మని చూడటమే పెళ్ళిలో చూసింది. అంతకుముందు సంగతి ఆవిడకేం తెలుసు? తెలిసీ తెలియక ఒక మాట జారితే, దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు కూర్చున్నావు, పిచ్చిదానా.

దాచడం ఎందుకంటావు. బడి ఉద్యోగానికి డాక్టరు పరీక్ష ఉండేది. డాక్టరు వెనక నిలబడి గుసగుసగా ఏదో అంటాడు, అది తిరిగి చెప్పాలి. ఒక్కో చెవీ మూసి చూస్తారు. చెవి పోయిందని తెలిస్తే ఉద్యోగం లేదు. సొంత చెల్లెలిని కాకపోయినా, తోడు వచ్చిన చెల్లెలినని చెప్పి నేను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. ఎడమ చెవి మూసినప్పుడల్లా డాక్టరు అన్న మాట నేను పెదాలతో అనేదాన్ని, ఆవిడ చూసి పైకి చెప్పేది. మధ్యలో ఆయనకి అనుమానం వచ్చి, "ఏమ్మా, నోరెందుకు కదుపుతున్నావు?" అన్నాడు. "మా అక్కకి ఉద్యోగం రావాలని దేవుడికి మొక్కుకుంటున్నానండీ" అన్నాను. పాపం, భక్తిపరుడు. మధ్యలో ఆపకుండా మొక్కుకోమన్నాడు.

పిల్లలకి చెబితే బళ్ళో అంటారు, బళ్ళో తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకని మీకు చెప్పలేదు. కాలం చేసిన మీ నాన్నకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. పెన్షన్ వచ్చాకయినా చెప్పవే అని పోరాను. "ఇన్నాళ్ళు దాచి ఇప్పుడు చెబితే మైకు ఊరంతా వినపడేలా తిడుతుంది. తెలియకపోతే వాళ్ళకి వచ్చిన నష్టమేంటి?" అంది. ఆవిడకి తెలీదు ఆ నష్టమేంటో. నీ ఉత్తరం వచ్చేదాకా నాకూ తెలీదు.

ఇక నిన్ను ఆ పక్కన ఎందుకు కూర్చోబెట్టింది? నువ్వు నెలల పిల్లగా ఉన్నప్పుడు మీ ఇంట్లో ఉన్నాను. మంచి చెవి దిండుకి ఆనించి పడుకుంటే మీ అమ్మకి పిడుగు పడ్డా తెలిసేది కాదు. నీ ఏడుపుకి మాత్రం లేచి కూర్చునేది. "చూడవే, దీనికి నా చెవితో పనే లేదు, ఎముకల్లోంచి వినపడుతుంది" అని ఎంత మురిసిపోయేదో. మీ తమ్ముడు పుట్టాక, వాడు గొణుగుడుగాడని తేలాక, మంచి చెవి వాడికిచ్చింది. "మైకు ఎక్కడున్నా వినపడుతుంది. వీడే, చెవి దగ్గర పెట్టుకోకపోతే మిస్సయిపోతాడు" అంది. నీ నోటి వంక చూసేదన్నావే, అది తప్పులు పట్టడానికి కాదు, నీ పెదాలు చదవడానికి. నీ మాట ఒక్కటి కూడా పోనివ్వకూడదని.

నువ్వు నెలల పిల్లగా ఉన్నప్పుడే ఒకసారి అడిగాను, బోర్డు గుర్తొచ్చి బాధేస్తుందా అని. నువ్వు ఆవిడ ఒళ్ళో ఉన్నావు. "మొదట్లో ఏడ్చానే. ఆ చెవే ఉంటే ఇంకా అక్కడే కూర్చుని ఉండేదాన్ని, ఇది ఎక్కడిది నాకు? ఒక చెవి ఇచ్చి ఇంత పిల్లని తెచ్చుకున్నాను" అంది. ఇది నేను కల్పించింది కాదు. నీ మీద ఒట్టు.

ఇప్పుడు వెళ్ళి సభలో మాట్లాడు.

నీ పిన్ని


ఇల్లు, వంటగది బల్ల

పిన్నీ,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. సభ అయ్యాకే రాద్దామనుకున్నాను. నిన్న అయింది. మాట్లాడాను.

నీ ఉత్తరం అందిన రోజు తమ్ముడికి చూపించాను. అంతా చదివి, "అవును" అన్నాడు. అవునంటే ఏంట్రా అన్నాను. "నాకు తెలుసు. చిన్నప్పుడే, అమ్మ నిద్రపోతుంటే కుడి చెవి దగ్గర అలారం మోగించి చూశాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మరి నాకెందుకు చెప్పలేదురా అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. వాడు తెల్లబోయి, "నీకూ తెలుసనుకున్నానక్కా. తెలియకపోతే అంత గట్టిగా ఎందుకు మాట్లాడేదానివి?" అన్నాడు. ఏం చెప్పను పిన్నీ వీడికి? నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి వాడే టీ పెట్టాడు.

సభలో హాలు నిండిపోయింది. నీ బిస్కెట్లు చెప్పాను, పేరెత్తకుండా. కెప్టెను సంగతి చెప్పాను. డాక్టరు పరీక్ష చెప్పాను. ఇప్పుడు ఉద్యోగం పోయేదేముంది? గోడ కూలిన సంగతీ చెప్పాను. చెవి గురించి చెప్పగానే ఒక్కొక్కరూ లేచి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక దర్జీ లేచి, "అయితే మేడమ్ బోర్డు మీద రాస్తున్నప్పుడు కుడి వరసలో కూర్చుని నేను పాడిన పాటలేవీ ఆవిడ వినలేదన్నమాట. ఎంత ఓర్పో అనుకుని సిగ్గుపడి మానేశానండీ" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఒక నర్సు, "ఏ జవాబు చెప్పినా 'ఇంకోసారి చెప్పు, నిలబడి చెప్పు' అనేవారు. వినపడక అడిగారని ఇవాళ తెలిసింది. నా పిరికితనం పోగొట్టడానికే అనుకున్నాను. నిజంగానే పోయింది" అంది. హెడ్‌మాస్టరుకి చిన్నప్పుడు నత్తి ఉండేదట. ఆయన బళ్ళో చేరిన మొదటి వారమే అమ్మ తన ఎడమ పక్కకి వచ్చే వరసలో మొదటి బెంచీకి మార్చిందట. ఆ మాట చెప్తుంటే నత్తి మళ్ళీ వచ్చింది. మేమంతా ఆయన వాక్యం పూర్తయ్యేదాకా ఆగాం.

నేను అడిగిన ఆ ప్రశ్న గురించి మాత్రం సభలో చెప్పలేదు. అది మన మధ్యే.

నీ ఉత్తరం చదివిన రోజు నా మీద నాకే కోపం వచ్చింది. రోజూ వేలమందికి వినపడేలా చెప్పేదాన్ని, నా బతుకులో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒక్కటీ అంత మెల్లగా ఎందుకు అడిగాను? గట్టిగా అడిగి ఉంటే అమ్మ అక్కడే ఆగిపోయేది. సంచి కింద పెట్టేది. ఏం చెప్పేదో నువ్వు రాశావు. ఆ జవాబు అమ్మ నోటి నుంచి వినలేకపోయానని ఏడ్చాను, ఇప్పుడు రాస్తూ కూడా ఏడుస్తున్నాను.

కానీ రాత్రి సభ నుంచి వచ్చి పడుకున్నాక ఇంకో సంగతి తోచింది. నా ప్రశ్న అమ్మకి వినపడి ఉంటే? కూతురి మనసులో అలాంటి అనుమానం ఉందని తెలిస్తే అమ్మ తట్టుకునేదా? నేను నమ్మేదాకా ఎన్నిసార్లు చెప్పినా, ఆ మాట ఆవిడ లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది. అమ్మ పోయేటప్పుడు, తన మైకుకి తనంటే ప్రాణమనీ, తనకి మైకు అంటే ప్రాణమని మైకుకి తెలుసుననీ అనుకుంటూనే పోయింది. ఆ చెవి మూసుకుపోయి మా అమ్మని ఆ ఒక్క మాట నుంచి కాపాడింది.

నీ మైకు